పూర్ణా మార్కెట్ కొట్లకు ఆన్‌లైన్ నేర్పేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖలో ఏ పాత బజారుకి వెళ్లినా ఇప్పుడు వినపడే మాట ఒకటే, "ఆన్‌లైన్ వచ్చి మా పొట్ట కొట్టింది" అని. అందులో నిజం లేదని నేను అనను. పది నిమిషాల్లో పాలూ పెరుగూ గుమ్మంలోకి తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాక అక్కయ్యపాలెం, సీతమ్మధార కిరాణా కొట్లలో సాయంత్రం బేరం ఎంత పడిపోయిందో నాకు బాగా తెలుసు, వాళ్ల ఆర్డర్లు రాసుకునేది నేనే కాబట్టి. ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌మన్‌గా పనిచేస్తున్నాను. వన్‌టౌన్, పూర్ణా మార్కెట్, అల్లిపురం, డాబాగార్డెన్స్ నా లైను, వారంలో ఒక రోజు అక్కయ్యపాలెం, సీతమ్మధార వైపు కూడా వెళ్తాను. ఒకప్పుడు అడగకుండానే మూడు కేసులు దింపించుకున్న కొట్టువాళ్లు ఇప్పుడు ఒక కేసు దగ్గర ఆగి, అది కూడా "వచ్చే వారం చూద్దాం లెండి" అంటుంటే ఇంక అడగడానికేముంది.

అయితే యాప్‌లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మన దుకాణదారుల పక్కన కూర్చుని, వాళ్ల ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, ఇది ఇలా నొక్కండి అని చూపించే పని ఈ ఊళ్లో ఎవరూ చేయడం లేదు. సలహాలు చెప్పేవాళ్లు బోలెడంతమంది. చూపించేవాళ్లు లేరు. ఆ ఖాళీలోకి మోసగాళ్లు దూరుతున్నారు. నా బాధ అదీ.

ఒకప్పుడు ఈ ఊళ్లో కొత్త కాపురం పెట్టేవాళ్లకు ఏది ఎక్కడ కొనాలో ప్రత్యేకంగా ఎవరూ చెప్పక్కర్లేదు. పచారీ సరుకులు, ఇత్తడి, స్టీలు, పూజాసామాను అంటే పూర్ణా మార్కెట్. బంగారమంటే కురుపాం మార్కెట్. అత్తగారు చెప్పేది, పక్కింటావిడ తోడు వచ్చేది. ఇప్పుడు ఊరు అటు మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది దాటి పోయింది, ఇటు కూర్మన్నపాలెం, ఆ పక్క పెందుర్తి. ఆ అపార్ట్‌మెంట్లలో చాలామంది బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే, నేవీ కుటుంబాలు, స్టీల్ ప్లాంటు, రైల్వే, బ్యాంకు బదిలీల మీద వచ్చినవాళ్లు, ఐటీ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు. పూర్ణా మార్కెట్ అని ఒకటుందని వాళ్లకు చెప్పే అత్తగారు ఇక్కడ లేరు. ఏది కావాలన్నా ఫోన్ తీసి వెతుకుతారు, టైపు చేయడం బద్ధకమైతే మైకు గుర్తు నొక్కి తెలుగులోనే అడుగుతారు. అక్కడ మన కొట్టు కనపడకపోతే వాళ్ల వరకూ ఆ కొట్టు ఊళ్లో లేనట్టే.

మన వ్యాపారులకు ఇది చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇదే కిరాణా కొట్లవాళ్లు చీటీ ఫొటో వాట్సాప్‌లో పెట్టించుకున్నారు, సరుకు కట్టి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దింపారు, డబ్బు ఫోన్‌కే వేయించుకున్నారు. ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు, అవసరమే నేర్పింది. లాక్‌డౌన్ ఎత్తేశాక మాత్రం ఆ అలవాటును చాలామంది వదిలేశారు. ఆ నంబర్లు ఇప్పటికీ వాళ్ల ఫోన్‌లలో "టీచర్ గారు 302", "పై వీధి నేవీ ఆయన" అని అలాగే ఉన్నాయి. పండక్కి కొత్త బెల్లం వచ్చిందనో, మంచి కందిపప్పు దిగిందనో వాళ్లకు ఒక్క మెసేజ్ పెట్టిన కొట్టు నా లైనులో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు.

ఇక అసలు సంగతికి వస్తాను. పూర్ణా మార్కెట్లో ఒక ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది, పేరు అనవసరం. బిందెలు, గుండిగలు, గంగాళాలు, మరచెంబులు, దీపపు కుందులు నేల నుంచి పైకప్పు దాకా ఉంటాయి. పాత గిన్నెలకు కళాయి, అంటే లోపల తగరం పూత, కూడా వేయించి ఇస్తారు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెడితే చిలుమెక్కి కూర పాడవుతుందని తెలిసినవాళ్లు, ఈ ఊళ్లో కళాయి వేసే చోటు కోసం ఎంత తిరుగుతారో నేను చూశాను. అలాంటి కొట్టు గూగుల్ మ్యాప్‌లో ఎలా ఉందంటే, గుర్తు రెండు సందుల అవతల పడింది, ఫోన్ నంబరు ఎప్పుడో తీసేసిన ల్యాండ్‌లైనుది, వేళల దగ్గర 24 గంటలూ తెరిచి ఉంటుందని రాసుంది. ఉన్న ఒక్క ఫొటో దించి ఉన్న షట్టర్‌ది. ఎవరో మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి, మూసి ఉందని చూసి, ఒక్క స్టార్ ఇచ్చి "వేస్ట్" అని రాసి పోయారు. కొట్టు పెద్దాయన ఆ టైముకి భోజనానికి ఇంటికి వెళ్తారు, మొదటి నుంచీ అదే అలవాటు.

ఇదంతా ఆయనకు చూపిస్తే, "ఇది ఎవరు పెట్టారు బాబూ, మనం పెట్టలేదే?" అన్నారు.

చాలామందికి తెలియని సంగతి ఇదే. మనం పెట్టకపోయినా మన కొట్టు అక్కడ ఉండొచ్చు. మ్యాప్‌లో ఒక చోటుని ఎవరైనా చేర్చవచ్చు, ఫొటో ఎవరైనా పెట్టవచ్చు. యజమాని వచ్చి ఇది నాది అని చెప్పుకునేదాకా దారిన పోయేవాళ్లు రాసిందే చెల్లుబాటవుతుంది. రోడ్డు మీద బోర్డు తప్పుగా రాసి ఉంటే మర్నాడే పెయింటర్‌ని పిలిచే మనిషి, ఫోన్‌లో ఉన్న బోర్డు సంగతి ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు గనక పట్టించుకోలేదు.

ఆయన కోడలు బీకాం చదివింది, ఫోన్ బాగా వాడుతుంది. మ్యాప్‌లో కొట్టు పేరు కింద, ఈ వ్యాపారం మీదేనా అని అడిగే చోట నొక్కి మొదలుపెట్టింది. యజమాని మీరే అని గూగుల్ నమ్మడానికి కొందరికి ఫోన్ కోడ్ చాలు, కొందరిని వీడియో అడుగుతుంది. వీళ్లని వీడియో అడిగింది. వీధి కనిపించాలి, బోర్డు కనిపించాలి, తాళం తీసి షట్టర్ ఎత్తి లోపలికి వెళ్లడం కూడా కనిపించాలి, మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో. ఉదయం కొట్టు తెరిచే వేళకి ఆ అమ్మాయి సందు మొదట్లో నిలబడి తీస్తూ వచ్చింది, పెద్దాయన రోజూ లాగే తాళం తీసి దణ్ణం పెట్టుకుని షట్టర్ ఎత్తారు. కొన్ని రోజులకి ఒప్పుకున్నట్టు మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత గుర్తుని సరైన చోటికి జరిపారు, నంబరు మార్చారు. వేళలు రెండు భాగాలుగా పెట్టుకునే వీలుంది, పొద్దుట నుంచి ఒంటిగంటన్నర దాకా ఒకటి, మూడున్నర నుంచి రాత్రి దాకా ఒకటి. మార్గశిరంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర జనం కిక్కిరిసిపోతారు, ఆ రోజుల్లో కొట్టు ముందే తెరుస్తారు, అలాంటి ప్రత్యేక తేదీలకి వేరే వేళలు పెట్టుకోవచ్చు. పేరు మాత్రం బోర్డు మీద ఉన్నదే రాయాలి. "వైజాగ్‌లో నంబర్ వన్ బ్రాస్ షాప్" అని తోక తగిలిస్తే గూగుల్ నిబంధనలకు విరుద్ధం, మొత్తం ప్రొఫైల్‌నే ఆపేసే ప్రమాదం ఉంది.

ఫొటోల విషయంలో ఆ అమ్మాయి తెలివిగా చేసింది. లోపల ట్యూబ్‌లైట్ కింద ఇత్తడి పాలిపోయి కనిపిస్తుంది, అందుకని గుండిగను, మరచెంబును ఒక్కొక్కటే గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి పొద్దుటి వెలుతురులో తీసింది. చిలుమెక్కిన పాత గిన్నె, దాని పక్కనే కళాయి వేసి తెల్లగా మెరిసే గిన్నె, రెండూ ఒకే ఫొటోలో పెట్టింది. కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ "ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి వేయించి ఇస్తాం" అని రాసింది. ఆ ఒక్క స్టార్ ఇచ్చినాయనకి జవాబు కూడా పెట్టింది, "మధ్యాహ్నం భోజనానికి మూస్తామండి, వేళలు ఇప్పుడు సరిచేశాం, మీకు ఇబ్బంది కలిగింది, ఈసారి వచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి" అని. వాదన పెట్టుకోలేదు. ఇప్పుడు మధురవాడ నుంచి, గాజువాక నుంచి కళాయి కోసం ఫోన్లు వస్తున్నాయని పెద్దాయన కొట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నారు. దీనికంతటికీ పైసా ఖర్చు కాలేదు, గూగుల్ ఈ ప్రొఫైల్‌కి డబ్బులు తీసుకోదు.

తీసుకునేది ఎవరంటే మధ్యలో వచ్చేవాళ్లు. "సార్, మీ షాపుని గూగుల్‌లో ఫస్ట్ పేజీలో పెడతాం, ఏడాదికి ఇంత" అని ఫోన్ చేస్తారు. స్థానిక వెతుకులాటలో ముందు చూపించడానికి డబ్బు తీసుకోబోమని గూగుల్ స్వయంగా చెబుతోంది. వెతికినదానికి కొట్టు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది అనే మూడే చూస్తుంది. ప్రకటనలకు డబ్బు కట్టడం వేరే సంగతి, అది ప్రకటన అనే కనిపిస్తుంది. కాబట్టి గ్యారంటీగా ఫస్ట్ వస్తారు అని ఎవరైనా అంటే అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు.

డబ్బు పోవడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. డాబాగార్డెన్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్, నడిపేది ఒక్క ఆవిడే. ఒక ఏజెన్సీ వాళ్లు వచ్చి ఏడాది ప్యాకేజీ అని డబ్బు కట్టించుకుని గూగుల్ పేజీ, ఇన్‌స్టా పేజీ రెండూ చేసి పెట్టారు. చక్కగానే చేశారు. కానీ రెండూ వాళ్ల జీమెయిల్ మీద, వాళ్ల నంబరు మీద తెరిచారు. రెండో ఏడాది రేటు పెంచితే ఈవిడ వద్దన్నారు, అప్పుడు వాళ్లు పాస్‌వర్డ్ ఇచ్చేది లేదన్నారు. కస్టమర్లు ఇచ్చిన మంచి రివ్యూలు, పెట్టిన ఫొటోలు, చేరిన ఫాలోయర్లు అన్నీ ఈవిడ కష్టమే, తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గర. "మా కొట్లోకి మమ్మల్నే రానివ్వనట్టుందండీ" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఈ ఊళ్లో ఇలాంటివాళ్లు ఆవిడ ఒక్కరే కాదు, నా లైనులోనే ఇంకొందరున్నారు.

దయచేసి వ్యాపారం చేసే ప్రతి ఒక్కరూ ఇది గుర్తుంచుకోవాలి. గూగుల్ ప్రొఫైల్ మీ సొంత మెయిల్ మీదే తెరవాలి, మీరే అసలు ఓనర్‌గా ఉండాలి. బయటివాళ్లతో పని చేయించుకుంటే వాళ్లని మేనేజర్‌గా మాత్రమే చేర్చండి, పని అయిపోగానే తీసేయొచ్చు. ఇప్పటికే వేరేవాళ్ల చేతిలో ఇరుక్కుంటే, మ్యాప్‌లో మీ కొట్టు దగ్గరికి వెళ్లి యాజమాన్యం అడిగే వీలుంది. ఇప్పుడున్న ఓనర్‌కి 3 రోజులు టైమిస్తుంది, వాళ్లు పలకకపోతే మీరే యజమాని అని నిరూపించుకుని తీసుకునే దారి దొరకొచ్చు. ఇన్‌స్టా అయినా, వెబ్‌సైట్ పేరు అయినా ఇదే పద్ధతి. మెయిలూ నంబరూ మీవి, పని వాళ్లది.

ఆ మ్యాచింగ్ సెంటర్ ఆవిడకి ఇప్పుడు ఎక్కువ పనికొస్తున్నది బిజినెస్ వాట్సాప్. 2018 నుంచి ఉంది, ఇదీ ఉచితమే. చిన్న కొట్లకి వెబ్‌సైట్ కన్నా ఇదే నయమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే వెబ్‌సైట్ చూసి ఎవరూ కొట్టుకి రారు, వాట్సాప్‌లో మాత్రం అందరూ ఉన్నారు. క్యాటలాగ్‌లో ఫొటోలు పెట్టుకోవచ్చు, కొట్టు మూసిన వేళ మెసేజ్ వస్తే దానంతట అదే జవాబు వెళ్లేలా పెట్టుకోవచ్చు, "డబ్బు రావాలి", "కుట్టు పూర్తి" అని కస్టమర్లకు గుర్తులు తగిలించుకోవచ్చు. బోర్డు మీద పాతికేళ్లుగా ఉన్న ల్యాండ్‌లైన్ నంబరుతో కూడా తెరవచ్చు, కోడ్ మెసేజ్‌గా కాకుండా ఫోన్ చేసి చెబుతుంది. మామూలు వాట్సాప్ నుంచి అదే నంబరుతో మారేవాళ్లు ముందు చాట్‌లు బ్యాకప్ చేసుకోవాలి, ఆ ఒక్కటీ మర్చిపోకూడదు. ఒకే మెసేజ్ 256 మంది దాకా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంది గానీ, మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త స్టాకు రాగానే పెడతాం" అని అడగాలి. అడక్కుండా ఎవరినీ గ్రూపుల్లో పడేయకండి, చిరాకుపడి బ్లాక్ చేస్తారు.

ఒక్క విషయంలో ఆవిడ చాలా నిక్కచ్చి. చీర ఫొటో పంపి "దీనికి జాకెట్ ముక్క ఉందా" అని అడిగితే ఉన్నవాటి ఫొటోలు పంపిస్తారు గానీ డబ్బు తీసుకోరు. "ఫోన్‌లో రంగు నమ్మకండమ్మా, చీర పట్టుకుని పగలు రండి, వెలుతురులో చూసి ఇస్తాను" అంటారు. ఆన్‌లైన్‌లో కనిపించడం అంటే అన్నీ ఆన్‌లైన్‌లో అమ్మేయడం కాదని ఆవిడకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఫాల్స్, లైనింగ్ లాంటివి మాత్రం పాత కస్టమర్లకి ఆటోలో పంపిస్తారు.

కిరాణా కొట్ల సంగతి కొంచెం వేరు. అక్కడ కష్టం ఫోన్‌ది కాదు, జాబితాది. స్టాకంతా యజమాని తలలో ఉంటుంది. విడి పప్పులు, విడి బెల్లం, కారం, పసుపు, వీటికి బార్‌కోడ్ ఎక్కడిది? అందుకే ప్రభుత్వం ఓఎన్‌డీసీ అనే ఉమ్మడి ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్ తెచ్చినప్పుడు, ఏ యాప్‌లో అమ్మకానికి పెట్టినా వేరే యాప్‌లో కొనేవాళ్లకు కనిపించేలా చేయాలన్న ఆలోచన నాకు ఎంత నచ్చినా, మన కొట్లు దాంట్లోకి పెద్దగా వెళ్లలేకపోయాయి. వేల వస్తువులు ఎక్కించాలంటే ఎవరికి ఓపిక? నేనైతే ఒకటే చెబుతున్నాను, అన్నీ వద్దు. రోజూ కదిలే ముప్పై సరుకులు, అందులోనూ పెద్ద యాప్‌లలో దొరకనివి ముందు పెట్టండి. అనకాపల్లి బెల్లం, గానుగ నూనె, ఊరి నుంచి వచ్చే చింతపండు, పండగ ముందు అరిసెల పిండి. ప్యాకెట్ బిస్కెట్ల రేటులో పెద్ద కంపెనీలతో పోటీ పడితే మిగిలేది సున్నా. ఈ మాట బిస్కెట్ ప్యాకెట్లు అమ్మే నేనే అంటున్నాను.

భయాల గురించి కూడా రాయాలి, ఎందుకంటే నేను మాట్లాడిన ప్రతి కొట్లోనూ చివరికి వచ్చేది ఇదే, "ఆన్‌లైన్ అంటే ట్యాక్స్ వాళ్లు వస్తారు కదా". 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చినప్పుడు అక్కడ కొందరు క్యూఆర్ కోడ్‌లు పీకేసి నగదు మాత్రమే అని రాసుకున్నారు, ఆ వార్త వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఇక్కడి కొట్లలో కూడా టెన్షన్ పెట్టింది. గూగుల్‌లో కొట్టు చూపించుకున్నందుకు, వాట్సాప్‌లో ఫొటో పంపినందుకు కొత్తగా ఏ పన్నూ పడదు. టర్నోవర్‌ని బట్టి ఉండేది ఎలాగూ ఉంటుంది. పెద్ద ఈ-కామర్స్ సైట్లలో వస్తువులు అమ్మాలంటే మాత్రం ఒకప్పుడు టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. 2023 అక్టోబర్ 1 నుంచి అది సడలించారు, పరిమితి లోపల టర్నోవర్ ఉండి సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్లు పాన్ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే సరిపోతుంది. ఇది నేను చెబితే ఆడిటర్ దగ్గరికి వెళ్లి కనుక్కుని వచ్చి "నిజమేనోయ్" అన్న కొట్టువాళ్లు ఉన్నారు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా అంతే, చిల్లర, టోకు వ్యాపారులకు 2021 జూలై నుంచి అవకాశం ఇచ్చారు, ప్రభుత్వ సైట్లో ఉచితం, అయినా దానికి డబ్బులు కట్టినవాళ్లు నాకు ఎంతమందో తెలుసు.

రెండో భయం మోసాలది, ఇది న్యాయమైన భయం. మన ఊళ్లో నేవీ ఉంది కాబట్టి "మేం డిఫెన్స్ వాళ్లం, క్యాంపుకి పెద్ద ఆర్డర్" అంటే వెంటనే నమ్మేస్తారు. సరుకు మొత్తం చెప్పి, బిల్లు అడిగి, అడ్వాన్సు వేస్తామని ఒక క్యూఆర్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు మనకి రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పోతోందనే అర్థం. ఇది ప్రతి గల్లాపెట్టె మీద అంటించాలి. ఒకవేళ పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

రివ్యూలు కొనే విషయం కూడా ఒకటుంది, చిన్నగానే చెబుతాను. వందకి ఇన్ని స్టార్లు అని అమ్మేవాళ్ల జోలికి పోవద్దు. దొంగ రివ్యూల మీద భారత ప్రమాణాల సంస్థ 2022లోనే ప్రమాణం తెచ్చింది, గూగుల్ కూడా పట్టుకుంటే తీసేస్తుంది. అంతకన్నా ముఖ్యం, ముప్పై ఏళ్లుగా నిజాయితీగా తూకం వేసిన మనిషికి దొంగ పొగడ్త ఎందుకండీ? తృప్తిగా వెళ్తున్న కస్టమర్‌ని ఒక్క మాట రాయమని అడిగితే పది మందిలో ఇద్దరైనా రాస్తారు. రీల్స్ కూడా తప్పనిసరి కాదు. కెమెరా ముందు నిలబడటం ఇష్టం లేని మనిషిని బలవంతంగా డాన్స్ చేయించే సలహాదారులను చూస్తే నాకు కోపం వస్తుంది. గుండిగ ఎలా వాడాలో, కళాయి ఎన్నాళ్లకొకసారి వేయించాలో చేతులు మాత్రమే కనిపించేలా చెప్పినా జనం చూస్తారు.

నాకు ఈ కొట్ల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు, మా వీధి చివరి కొట్టాయన కొవ్వొత్తి వెలుగులో పేరు రాసుకుని వీధి వీధంతటికీ బియ్యం, పప్పు, పాల పొడి అరువు ఇచ్చాడు. ఎవరినీ ఆధార్ అడగలేదు. ఏ యాప్ ఆ పని చేయగలదు? అలాంటి కొట్లు ఒక్కొక్కటే మూతపడి మొబైల్ కవర్ల దుకాణాలుగా మారుతుంటే, ఫోన్‌లో నాలుగు చోట్ల నొక్కడం నేర్పించలేక పోగొట్టుకున్నామంటే అంతకంటే అన్యాయం లేదు.

శిక్షణ ఇవ్వడం లేదా అంటే, ఇస్తున్నారు. కానీ ఎలా? హోటల్ హాల్లో, ఉదయం పదకొండు గంటలకు, బేరం నడిచే టైములో, ఇంగ్లీషు పవర్‌పాయింట్‌తో. కొట్టు వదిలి ఎవరు వెళ్తారు? వెళ్లినా సర్టిఫికెట్ ఫొటో దిగి వస్తారు, సోమవారం ఫోన్ మళ్లీ మామూలే. నేర్పడం కొట్లోనే జరగాలి, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య బేరం పల్చగా ఉన్నప్పుడు, తెలుగులో, అదే మనిషి వారం తర్వాత మళ్లీ వచ్చి ఎక్కడ ఆగారో చూడాలి. రెండోసారి రావడమే ముఖ్యం, మొదటిసారి అందరికీ అర్థమైనట్టే ఉంటుంది.

దీనికి కోట్ల రూపాయల పథకం అక్కర్లేదు. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ చదువులో భాగంగా ఉన్నాయి. పాపం, సర్వే ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి రికార్డు బుక్కు నింపుతారు. ఆంధ్ర యూనివర్సిటీ, మద్దిలపాలెం కృష్ణా కాలేజీ, పాత ఊళ్లోనే ఉన్న ఏవీఎన్ కాలేజీ, వీటిలో బీకాం, బీబీఏ పిల్లలకు ఒక్కొక్కరికి ఐదు కొట్లు అప్పగించండి. కొట్టు మ్యాప్‌లో సరిగ్గా ఉందా, ఓనర్ మెయిల్ యజమానిదేనా, వేళలు, నంబరు, పది మంచి ఫొటోలు, వాట్సాప్‌లో ముప్పై సరుకులు. ఇవి అయ్యాయని కొట్టు యజమాని సంతకం పెడితేనే మార్కులు. పాస్‌వర్డ్ పిల్లల దగ్గర ఉండకూడదు, ఇది మొదటి షరతు. పిల్లలకి పని వస్తుంది, కొట్టువాళ్లకి మనిషి దొరుకుతాడు.

వర్తక సంఘాలవాళ్లు పండగలకు ఫ్లెక్సీలు వేయించే డబ్బులో కొంత పెట్టి మార్కెట్లోనే ఒక టేబుల్, రెండు కుర్చీలు, మంచి వైఫై ఏర్పాటు చేయగలరు. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ వాళ్లు ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఫీజుతో పాటు ఒక తెలుగు కరపత్రం చేతిలో పెట్టొచ్చు, వార్డుల్లో సచివాలయాలు ఉన్నాయి, అక్కడ ఫలానా రోజు ఈ సాయం దొరుకుతుందని రాయొచ్చు. జిల్లా పరిశ్రమల కేంద్రం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ క్యాంపు మార్కెట్లోనే పెట్టొచ్చు. ఏజెన్సీలన్నీ మోసం చేస్తాయని నేను అనడం లేదు, మంచిగా పనిచేసే కుర్రాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు, వాళ్లకీ పని కావాలి. అయితే రసీదు మీద "ఖాతా యాజమాన్యం కొట్టు యజమానిదే" అని ఒక్క వాక్యం రాసి ఇవ్వనివాళ్లకు సంఘం తరఫున ఎవరూ పని ఇవ్వకూడదు.

మా సేల్స్‌మన్‌లం కూడా చేయగలం. మా లైనులో కొట్లకి ఎలాగూ వెళ్తాం, ఏ కొట్టు మ్యాప్‌లో ఎక్కడుందో ఆర్డరు రాసుకుంటూనే చూసి చెప్పొచ్చు. నేను, నాతో పనిచేసే మరికొందరు ఆదివారం మధ్యాహ్నాలు పూర్ణా మార్కెట్లో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం, సంఘంవాళ్లు చోటు చూపిస్తే చాలు.

మీ పత్రికను కోరేది ఒకటుంది. కొట్లలో పొద్దున్నే చదివేది ఇప్పటికీ మీ జిల్లా పేజీలే, గల్లాపెట్టె పక్కనే ఉంటాయి. వారానికి ఒకసారి అందులో అర కాలమ్ చోటివ్వండి, వ్యాపారులు అడిగే ఫోన్ సందేహాలకి తెలుగులో, బొమ్మలతో జవాబులు వేయండి. మొదటి వారం మాత్రం, మీ కొట్టు గూగుల్ పేజీ ఎవరి మెయిల్ మీద ఉందో చూసుకోవడం ఎలా అన్నది వేయండి. దసరాకి ముందే వేస్తే మరీ మంచిది, ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఎక్కువగా వచ్చేది ఆ సీజన్‌లోనే.

ఇట్లు,
ఒక సేల్స్‌మన్,
అల్లిపురం, విశాఖపట్నం.